గీత మాయమయ్యే దాకా

మంగళవారం సెలూన్లకు సెలవు కాబట్టి బుధవారం పొద్దున్నే హనుమకొండ చేరాను. సందు చివర మూడు కుర్చీల చిన్న సెలూన్. ఫేడ్ కటింగ్ నేర్చుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు ఇక్కడికే వస్తారు.

కుర్చీలో ఓ కాలేజీ కుర్రాడు కూర్చున్నాడు. సెలూన్ నడిపే మాస్టారు వెంటనే మిషన్ అందుకోలేదు. ముందు తల తడిమారు. చెవి వెనక గుంట, తల వెనక ఎముక ఉబ్బు, మెడ మీద వెంట్రుకలు ఏ వైపు తిరిగాయన్నదీ వేళ్లతోనే చూసుకున్నారు. "గుంటల నీడకు నల్లగ కొడ్తది. అది జుట్టే అనుకొని మళ్ల మళ్ల మిషన్ పెడితే ఆడ తెల్లగ బొక్క పడ్తది" అన్నారు, పక్కనున్న శిష్యుడికి వినబడేలా. జుట్టు తడపలేదు. తడిస్తే అణిగిపోయి అసలు ఒత్తు తెలియదట.

చెవి మీదుగా తల చుట్టూ గార్డు (జుట్టు ఎంత పొడవు మిగలాలో నిర్ణయించే తొడుగు) లేకుండా మొదటి గీత పెట్టారు. దాని కింద చర్మం దాకా నున్నగా తీసేశారు. గీతకు పైన వేలెడు మేర ఒకటో నంబరు గార్డు, అంటే 3 మిల్లీమీటర్లు. ఆపైన రెండో నంబరు, 6 మిల్లీమీటర్లు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇప్పుడు తల మీద మెట్లు మెట్లుగా గీతలున్నాయి. వాటిని చెరపడమే ఫేడ్.

ఆ చెరిపే పని దగ్గరే నేను చాలాసేపు నిలబడిపోయాను. మిషన్ పక్కనుండే లివర్ తెరిస్తే జుట్టు కాస్త పొడవుగా, మూస్తే పొట్టిగా తెగుతుంది. మాస్టారి బొటనవేలు దాన్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూనే ఉంది. గీత దగ్గరికి రాగానే మణికట్టు బయటికి తిరిగి, పెరుగు మీది మీగడను చెంచాతో తీసినట్టు మిషన్ తల నుంచి లేచిపోతోంది. అలా లేవకుండా నేరుగా పైకి పోతే కొత్త గీత పడుతుంది.

ఈ ఫేడ్‌కు మూలం అమెరికా సైనికుల పొట్టి కటింగు. దానికి అక్కడి నల్లజాతి క్షురకులు ఇంత నాజూకు తెచ్చారు. ఆ నాజూకంతా చేతిదే. "మిషన్ తిప్పడమేగా" అని డబ్బుల దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ చేతిని ఒక్క పావుగంట చూస్తే ఆ మాట అనరు.

రెండో వైపు శిష్యుడికి అప్పగించారు. అతను ముప్పావు గంట కష్టపడి "అయిపోయిందన్నా" అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. కుర్చీని కిటికీ వైపు తిప్పారు. ఎండ పక్కనుంచి పడగానే చెవి పైన బియ్యపుగింజంత నల్లటి మచ్చ కనబడింది.

"చూసినవా తమ్మీ?"

శిష్యుడు తలూపాడు. లివర్ సగానికి జరిపి, మిషన్ మూల మాత్రమే ఆ మచ్చకు ఆనించాడు.