చెరకు గేటు దగ్గర కొత్త మనిషి

1937లో మొదలైన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. నేను కాపలా ఉద్యోగం చేసింది ఆ బోధన్ చుట్టుపక్కలే, ఇంకో చిన్న మిల్లులో. క్రషింగ్ మొదలైతే మా గేటు ముందు కూడా రాత్రీ పగలూ చెరకు బండ్లు బారులు తీరేవి.

2001 అక్టోబరులో గుంటూరు జిల్లా కోకాకోలా ప్లాంటులో పీపుల్స్‌వార్ నక్సలైట్లు బాంబులు పేల్చారు. పేపర్లో ఆ వార్త చూసిన మా కాపలా జమేదారు మమ్మల్ని కూర్చోబెట్టి, "చేసేటోడు ఒక్కపారే రాడు. ముందుగాల జూసి పోతడు" అన్నాడు.

ఆ సీజన్లో తేడాను ముందు పసిగట్టింది మేం కాదు, గేటెదుట చాయ్ హోటలు నడిపే పెద్దమ్మ. "గా పిలగాడు సైరన్ మోగినప్పుడల్లా గడియారం జూస్తుండు కొడుకా. కోత కూలి అంటడు, చేతుల మీద ఒక్క గీత లేదు" అంది. నాందేడ్ వైపు నుంచి వచ్చే కోత కూలీల చేతులు నాకు తెలుసు. చెరకు ఆకు కోసిన గాట్లు సీజన్ అయిపోయినా మానవు.

ఆ మనిషే తర్వాత మిల్లు ఇచ్చే కటింగ్ ఆర్డర్ లేకుండా గేటు దగ్గరికొచ్చి, ఎవరో రైతు పేరు చెప్పి, మొలాసిస్ ట్యాంకులు ఎటువైపని అడిగాడు. తూకం గురించి అడగని రైతు మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

ఓ రాత్రి వెనక గోడవైపు రేకుల మీద రాళ్లు పడ్డాయి. టార్చిలైట్లు పట్టుకుని దాదాపు అందరం పరిగెత్తాం. అక్కడ ఎవరూ లేరు. "ముందు గేటు కాడ ఎవరున్నరు?" అన్నాడు జమేదారు. ఒక్కడే ఉన్నాడు. "గదే జూసుకున్నరు" అన్నాడాయన.

వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూస్తే పోలీసులకు చెప్పేంత సంగతి కాదు. తేదీ, వేళ వేసి రిజిస్టరులో వరసగా రాశాక మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పోలీసులకు రాసిచ్చాం. డ్యూటీలు మారే వేళలు మార్చాం. వెనక ఏం జరిగినా ముందు గేటు వదలొద్దన్నది రూలయింది. ఆ మనిషి మళ్లీ కనపడలేదు, ఎవరో కూడా తేలలేదు.

2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ వెళ్తుండగా క్లేమోర్ మైన్లు పేలినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది రేకుల మీద పడ్డ ఆ రాళ్లే.

అనుమానం మనిషి చేసే పనిని బట్టి రావాలి. మరాఠీ మాట్లాడాడనో, టోపీ పెట్టాడనో కూలీని నిలబెట్టి జేబులు వెతికిన గేట్లు కూడా చూశాను. అలాంటి చోట కూలీలు మళ్లీ ఏ కబురూ చెప్పరు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఏజెన్సీ గార్డులే, నెలల్లో మారిపోతున్నారు. మిల్లులు నడిపేవాళ్లకు నా మనవి: వచ్చేపోయే ముఖాలు గుర్తుండేంత కాలం ఒక గార్డును ఒకే గేటు దగ్గర ఉంచండి. ఎదుట చాయ్ అమ్మే మనిషి చెప్పిన మాటను కూడా రిజిస్టరులో రాయించండి.