బొర్రా: గుహల పైనున్న ఊరు

అరకు చూచి వచ్చినవారు బొర్రా గుహల సంగతి చెప్పక మానరు. అయితే ఆ గుహల పైన ఊళ్ళు ఉన్నాయనీ, అక్కడి భూమి తగవు సుప్రీంకోర్టు వరకు వెళ్ళిందనీ చెప్పేవారు తక్కువ.

మేము శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కాము. మలుపు తిరిగిన కొద్దీ చలి పెరిగింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు కనిపించాయి. అరకు రోడ్డు నుండి చీలి బొర్రా చేరేసరికి, దారి పక్కన గిరిజనులు వెదురు బొంగుల్లో కోడిమాంసం కాల్చి అమ్ముతున్నారు.

బొర్ర అంటే ఒడియాలో తొర్ర అని అర్థం. తప్పిపోయిన ఆవును వెదుకుతూ వెళ్ళిన కాపరికి ఈ గుహ కనిపించిందని స్థానికులు చెప్పుకొంటారు. ఇక్కడి ఏరు గోస్తని. అది తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖవాసులు త్రాగే నీటిలో కొంత ఈ కొండలదే.

వాన నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరగించి ఈ గుహలను చేసింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం గుహల మీదుగా సాగుతుంది. ఆ కొండలలోనే కాల్సైటు అనే ఖనిజం ఉన్నది. దాని కోసం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చింది.

ఏజెన్సీ భూమిని ఏ వ్యక్తీ గిరిజనేతరులకు బదిలీ చేయరాదని 1970 నాటి నిబంధన. మరి ప్రభుత్వం కూడా ఆ "వ్యక్తి" క్రిందికి వస్తుందా? ఇదే ప్రశ్న. సమత అనే సంస్థ వేసిన వ్యాజ్యం 1995లో హైకోర్టులో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయంతో, ప్రభుత్వానికీ ఆ నిబంధన వర్తిస్తుందని చెప్పి లీజులు చెల్లవన్నది. ఆ తీర్పు దేశంలోని ఇతర గిరిజన ప్రాంతాల విషయంలోనూ ఉదహరింపబడింది.

పొలం గట్టున కూర్చున్న ఒక పెద్దాయనను, "నీ భూమికి పట్టా ఉన్నదా తాతా?" అని అడిగాము. "కొంతకు ఉంది బాబూ, కొంతకు లేదు. మా తాత నాటి నుంచీ దున్నుతున్నాం" అన్నాడు.

చదువరులారా, బొర్రా వెళ్ళినపుడు టిక్కెట్టు కొని గుహలోకి దిగే ముందు, పైనున్న ఆ చిన్న పొలాలను కూడా చూడండి. వాటిని దున్నేవారు అక్కడ నిలవడానికి ఒక తీర్పు కావలసి వచ్చింది.