మా యింటి బొండుమల్లె

మొక్కను నాటుట అందరికిని వేడుకయే. నాటిన మొక్క వాడిపోయినపుడు దానిని మరల బ్రతికించుటకు వేడుక చాలదు. కొంత తెలివియు, అంతకంటె ఎక్కువ ఓర్పును వలయును. మా యింటి బొండుమల్లె మాకీ సంగతి నేర్పినది. తోడి విద్యార్థులకు ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాము.

మాది హోసూరు. మేము మువ్వురము తోబుట్టువులము. మా అవ్వ 1971లో కుప్పము ప్రాంతమునుండి ఈ యింటికి కోడలుగా వచ్చినపుడు పుట్టినింటి పెరటిలోని మల్లె అంటు నొకదానిని వెంట తెచ్చుకొనెను. అప్పుడు మా ఊరు ధర్మపురి జిల్లాలోనిది. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలోనిది. జిల్లా మారినను, పాత యిల్లు పడగొట్టి క్రొత్తది కట్టినను, అంటునుండి అంటుగా ఆ మల్లె మాతో నిలిచినది. ఇరుగుపొరుగువారిలో కన్నడమువారు మల్లిగె యనియు, తమిళులు మల్లి యనియు అడిగి ఆ పూలనే కొనిపోయెడివారు. అవ్వ పుట్టినింటి పెరడు నేడు లేదు. ఆ చెట్టు సంతతిలో మిగిలినది మా కుండీలోని మొక్క యొక్కటియే.

మా నాయనగారి ఉద్యోగమువలన మే మందరమును రెండేండ్లు వేరొక ఊర నుంటిమి. 2023 నవంబరులో తిరిగి వచ్చునప్పటికి కుండీ మెట్లక్రింది నీడలో నుండెను. అద్దెకున్నవారు మంచివారే, ప్రతిదినము నీరు పోసిరట. కాని ఎండ లేదు. కుండీ అడుగు రంధ్రము పూడిపోయి మట్టి బురదయై కంపుకొట్టుచుండెను. ఆకులు పసుపుబారెను; సగము కొమ్మలు ఎండెను. నీరు లేక చచ్చు మొక్కలవలెనే నీరు నిలిచి చచ్చు మొక్కలును కలవు. వేళ్లకు నీటితోపాటు గాలియు వలయునని పుస్తకములలో చదివినది అప్పుడు కంటికి కనబడినది.

“దీన్ని పారేసి కొత్తది కొందాము. మన ఊర్లో మొక్కలకేం తక్కువ?” అని అమ్మ యనెను.

“కొంటే కొత్త చెట్టు వస్తుంది. మా అమ్మ చెట్టు వస్తుందా?” అని అవ్వ యనెను. అమ్మ మరి మాటాడలేదు.

అవ్వ చెప్పినట్లు బెరడును గోటితో గీచి చూచితిమి. పైకొమ్మలలో లోపల గోధుమవన్నెయే. మొదటికడ మాత్రము పచ్చదనము కనబడెను. ప్రాణమున్నది.

డిసెంబరులో పనికి పూనుకొంటిమి. మల్లె క్రొత్త చిగుళ్లయందు పూయును గనుక చలికాలమున కొమ్మలు కత్తిరించుట తోటలవారి వాడుక. ఎండిన కొమ్మలను మొదలంట తీసి, తక్కినవానిని మూరెడెత్తున కోసితిమి. మొక్కను కుండీనుండి తీసి, నల్లబడి మెత్తనైన వేళ్లను కత్తిరించితిమి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, రంధ్రముపై పెంకుముక్క బోర్లించి మరల నాటితిమి. వారము నీడలో నుంచి, పిమ్మట మేడమీద మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేసితిమి. మల్లెకు దినమునకు 5, 6 గంటల ఎండయైనను తగులవలెను.

అటుపిమ్మట జనవరి యంతయు మోడును చూచుచుంటిమి. మాలో చిన్నవాడు ఎరువు వేయుదమని తొందరపడెను. “జ్వరం పడి లేచినోళ్లకు గంజి పోస్తారా, పిండివంటలు పెడతారా?” అని అవ్వ వారించెను. ప్రతి ఉదయము వ్రేలిని రెండు కణుపులు మట్టిలో గ్రుచ్చి, తడి తగిలినచో నీరు పోయక మరలి వచ్చుచుంటిమి.

ఫిబ్రవరిలో ఒక కణుపున ఆవగింజంత చిగురు పొడమెను. మార్చిలో ఆకులు వచ్చెను. వాని అడుగున సన్నని బూజువంటి పోగులతో ఎర్రనల్లియు వచ్చెను. ఆకుల అడుగుభాగమున నీరు చిమ్మి పలుమారు కడుగగా అది తగ్గెను. ఏప్రిల్ నడుమ తొమ్మిది మొగ్గలు నిలిచెను.

అవ్వకు చూపు మందగించినది; మేడ యెక్కలేదు. ఒక సాయంకాలము కుండీని దింపి ఆమె మంచముకడ నుంచితిమి. దీపాలు పెట్టిన కొంతసేపటికి, మేము చెప్పకమునుపే, “విచ్చినాయి. ఎన్నిరా?” అని ఆమె యడిగెను.

ఒక్క కుండీలో ఒక్క మొక్కయే యుండుట అపాయమని మాకు తెలిసినది. అందుచేత జూన్ వానలలో ఒక కొమ్మను వంచి, కణుపుకడ బెరడు కొంచెము గీచి, ప్రక్క కుండీ మట్టిలో పూడ్చి, పైన రాయి నుంచితిమి. సెప్టెంబరు చివరకు వేళ్లు పట్టెను. తల్లినుండి వేరుచేసిన ఆ అంటును కుప్పముననున్న అవ్వ తమ్ముని యింటికి పంపితిమి. ఇప్పుడది అచట చిగిర్చినదట.

మీ యింట మూల బడియున్న కుండీ యున్నచో, పారవేయుటకు ముందు బెరడును గోటితో గీచి చూడుడు. పచ్చదనము కనబడెనా, కుండీ యడుగు రంధ్రమును కూడ చూడుడు. నీరు పోయుట ఆ తరువాతి మాట.