తిరుగు టికెట్ ఎవరిస్తారు?

మా ఎదురింటి వదిన కూతురు నర్సింగ్ చదివింది. దేవుడు పిలిచాడు, ఆఫ్రికాలో మిషన్ సేవకి వెళ్తానంటోంది. "ఇక్కడ రోగులు లేరేటి వదినా, అంత దూరం పోవాలా?" అని తల్లి నా దగ్గర ఒకటే ఏడుపు.

మేం చర్చికెళ్లే వాళ్లం కాదు గానీ, నాకు జాన్ రంగయ్యగారు గుర్తొచ్చారు. తెలుగు బాప్టిస్టులు పంపితే 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారాయన. ఎందుకంటే 1860 నుంచి 1911 దాకా ఐదేళ్ల ఒప్పందాల మీద మనవాళ్లని అక్కడి తోటలకి ఓడల్లో తీసుకుపోయారు. అందులో పాత విశాఖ, గంజాం జిల్లాల వాళ్లు, అంటే మన విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్లు, బోలెడుమంది. మన అంబలి తాగి పెరిగినవాళ్లే. కియర్స్‌నీ తేయాకు తోటలో సంఘం పెట్టి, 1915లో కన్నుమూసేదాకా వాళ్లకోసమే పనిచేశారు.

"ఆయన తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లారు. మరి నువ్వో?" అన్నాను.

"ముందు వాళ్ల భాష నేర్చుకుంటానత్తా."

జవాబు నచ్చింది. అయినా అడిగాను: ఎన్నేళ్లకి సంతకం? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? తిరుగు టికెట్ ఎవరిస్తారు? కాగితం మీద రాసుకుంది. ఆదివారం పాస్టరుగారిని అడుగుతుందట.

వదిన మాత్రం పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసేసింది.