పృచ్ఛకుల ముందు పాఠం

పి.జి. సెమినార్ అనగానే మాలో చాలామంది కాగితాలు ముందేసుకొని కంఠతా పడతారు. నేను ముందుగా పోగుచేసుకునేది వినేవాళ్ళ ప్రశ్నలను. గద్వాలలో చదువుకునేవాళ్ళకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. సంస్థానం రోజుల్లో కార్తీక, మాఘ మాసాల్లో పండితులు ఇక్కడి కోటకు దారిపట్టేవారు. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు అట్లా వచ్చిందే. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవులూ ఈ సంస్థానానికి వచ్చినవారే.

అష్టావధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, మరొకరు నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటారు. నిషిద్ధాక్షరి అడిగేవారు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. అప్రస్తుత ప్రసంగి సరేసరి, ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. అవధాని ఎవరినీ విసుక్కోకుండా ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతూ పోయి, చివరికి ధారణలో ఎవరి పద్యం వారికి పూర్తిగా అప్పజెబుతాడు. పాఠం చెప్పేవాళ్ళకు కావలసిందంతా ఆ ధారణలో ఉందని నా నమ్మకం. ఎవరు ఏమడిగారో గుర్తుంచుకోవడం కన్నా పెద్ద మర్యాద తరగతిలో ఇంకేముంటుంది?

సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతాను. “అక్కా, గద్వాల వేరే రాజ్యమా, నిజాం కిందిదా?” అని వెనక నుంచి ఒక పిల్ల అడుగుతుంది. చెబుతున్న మాట ముగించి, ఆ పిల్లను పేరుపెట్టి పిలుస్తాను. గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజులు తమ సీమను తామే ఏలుకుంటూ నిజాంకు పేష్కష్ కట్టేవారని చెబుతాను. ఆ పిల్ల ముఖం చూస్తూ చెబుతుంటే, నేనెట్లా కనబడుతున్నానన్న బెదురు నాలో మిగలదు.

తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరులో తెలుగు పండితుడిగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడే. సభను మెప్పించిన మనిషి తరగతిలోనూ అంత గొప్ప గురువు కావడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. గద్వాల, వనపర్తి, కొల్లాపురంలోని దాని పి.జి. సెంటర్లలో, ఇంట్లో తొలిసారి ఇంత చదువు చదువుతున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు మైకు ముందు నోరు పెగలకపోతే అది తెలివి తక్కువై కాదు, అడిగేవాళ్ళ మధ్య నిలబడే అలవాటు లేక. అందుకే వచ్చే నెల వనపర్తి సెమినార్‌కు ముందు మా క్లాసులో నలుగురిని పృచ్ఛకులుగా కూర్చోబెడుతున్నాను. అందరికన్నా తక్కువ మాట్లాడే అమ్మాయిని అప్రస్తుత ప్రసంగిగా ఉండమన్నాను, ఒప్పుకుంది.