ఇంటికి రెండు కార్డులెందుకు?

ఆబిడ్సులో ఒక బట్టల కొట్లో చాలా ఏళ్ళు జీతాల పద్దు రాశాను. పెళ్ళయి కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలు తొలి జీతం అందుకున్న నాడు ఒక ప్రశ్న తప్పకుండా వేసేవారు.

"మావారు నాంపల్లిలో పనిచేస్తున్నారండీ. వారి ఇ.ఎస్.ఐ. కార్డులో నా పేరూ ఉంది. మళ్ళీ నా జీతంలో కోత ఎందుకు?"

సబబైన ప్రశ్నే. 16,000 జీతానికి నెలకు 120 రూపాయలు పోతుంది. ఇల్లు దిద్దుకునే మనిషికి అదీ లెక్కే కదా!

ప్రైవేటు బీమా అయితే ఒకరి పాలసీ చాలునని రెండోవారు ఊరుకోవచ్చు. ఇది అలా కాదు. 1948 నాటి చట్టంతో పుట్టి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైన ఈ పథకంలో ఎవరి జీతం వారిదే, ఎవరి చందా వారిదే. 2017లో జీతం హద్దు 21,000గా పెట్టారు. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా నూటికి ముప్పావలా. యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు. అంటే మీ 120కి తోడు యజమాని మీ పేరున 520 కడతాడన్నమాట.

సరే, దానివల్ల ఒరిగేదేమిటి? భర్త కార్డుమీద భార్యకు వైద్యం దొరుకుతుంది, అంతవరకే. ఆమె మంచాన పడితే పోయే జీతానికి ఆ కార్డు పూచీ పడదు. సొంత కార్డయితే, ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో నూటికి 70 వంతు ఇస్తారు. మొదటి రెండు కాన్పులకు 26 వారాలపాటు పూర్తి జీతం వస్తుంది. భర్త ఉద్యోగం ఊడినా ఆమె కార్డు ఆమెకుంటుంది.

ఇంకొక సంగతి. భర్త కార్డులో ఆయన తల్లిదండ్రులకు చోటుంది గాని, అత్తగారికి లేదు. మా కొట్లో ఒక అమ్మాయి తల్లికి వేరే ఆధారం లేదు. కూతురి పంచనే ఉండేది. ఆ తల్లికి సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో వైద్యం జరిగింది కూతురి కార్డుమీదనే. ఆ పిల్ల మళ్ళీ కోత మాట ఎత్తలేదు.

కనుక అమ్మాయిలూ, కోత చూసి చిన్నబుచ్చుకోకండి. ఆ డబ్బు మీ పేరున జమ అవుతోందా, కార్డులో మీ అమ్మ పేరు ఎక్కిందా అని మాత్రం చూసుకోండి. అనుమానముంటే నాంపల్లికి దగ్గరలోనే, ఆదర్శనగర్ హిల్‌ఫోర్టు రోడ్డులో, ఇ.ఎస్.ఐ. ప్రాంతీయ కార్యాలయం ఉంది. అడగడానికి మొగమాటపడకండి. అది మీ కష్టార్జితం.