చూసింది వేరు, అనుకున్నది వేరు

సిలూరియన్, డెవోనియన్ కాలాల సముద్రాల్లో దిబ్బలు కట్టిన జీవుల్లో స్ట్రొమాటోపొరాయిడ్లు ముఖ్యమైనవి. స్వీడన్‌లోని గోట్లండ్ దీవిలోనూ, జర్మనీలోని ఐఫెల్ కొండల్లోనూ వాటి సున్నపు ముద్దలు విస్తారంగా దొరుకుతాయి. పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే పొర మీద పొర, పొరల నడుమ సన్నని స్తంభాలు. కొన్నిటికి ఉపరితలం మీద నక్షత్రంలా చీలిన గాడులు. ఇల్లు చెక్కుచెదరలేదు, అందులో కాపురమున్నదెవరో మాత్రం తెలియదు.

1826లో గోల్డ్‌ఫస్ స్ట్రొమాటోపొరా అని పేరు పెట్టింది మొదలు వాటి కులగోత్రాల మీద తగాదా తెగలేదు. స్పాంజిలన్నారు, గుల్ల కట్టే ఏకకణ జీవులైన ఫొరామినిఫెరా అన్నారు, సయనోబాక్టీరియా అన్నవాళ్లూ ఉన్నారు. 1886 నుంచి 1892 దాకా బ్రిటిష్ జాతుల మీద పెద్ద గ్రంథం వెలువరించిన నికల్సన్ వాటిని పగడాల దూరపు చుట్టాలైన హైడ్రోజోవాలో చేర్చాడు. చాలాకాలం ఆ మాటే చెల్లింది.

ఈ తగాదా అంచుల్లో ఉన్న మనిషి ఒకడు నన్ను వదలడు. పేరు రాండల్ఫ్ కిర్క్‌పాట్రిక్, బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి. స్టీఫెన్ జే గూల్డ్ వ్యాసం చదివాకే ఆయన సంగతి నాకు తెలిసింది. మదీరా దగ్గరి పోర్టో శాంటో సముద్రంలో దొరికిన మెర్లియా అనే స్పాంజిని 1908లో ఆయన వర్ణించాడు. దాని ఒంట్లో సిలికా సూదులున్నాయి, అడుగున సున్నపు కట్టడమూ ఉంది. ఒకే జీవికి రెండూ ఎలా ఉంటాయని అనుమానాలు వచ్చాయి. పురాతన చిక్కు శిలాజాలు కొన్నిటికి దీనితో పోలిక ఉందని కిర్క్‌పాట్రిక్ గట్టిగా చెప్పాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, అగ్నిశిలలు, ఉల్కలతో సహా రాళ్లన్నీ నుమ్యులైట్లనే ఫొరామినిఫెరా గుల్లలతోనే తయారయ్యాయని సొంత ఖర్చుతో పుస్తకాలు వేశాడు. ఆ వెర్రి సిద్ధాంతంతోపాటు మెర్లియా మాటనూ జనం పక్కన పడేశారు.

జమైకా దిబ్బల చీకటి గుహల్లో, లోతైన వాలుల్లో ఈదుతూ స్పాంజిల కోసం వెతికిన హార్ట్‌మన్, గోరో 1970లో ప్రకటించిన పరిశోధనతో గాలి మారింది. బతికున్న ఆ స్పాంజిలకు సిలికా సూదులతోపాటు గట్టి సున్నపు అస్థిపంజరం ఉంది. నీరు బయటికి పోయే కాలువలు వాటి మీద నక్షత్రాకారపు గాడులుగా పడి ఉన్నాయి. స్ట్రొమాటోపొరాయిడ్ల గాడులకూ అదే అర్థమై ఉండాలి. ఇద్దరూ స్క్లెరోస్పాంజియే అనే కొత్త తరగతినే ఏర్పరిచారు. అదీ నిలవలేదు. సున్నం కట్టే అలవాటు స్పాంజిల్లో వేర్వేరు శాఖలకు విడివిడిగా అబ్బిందని తర్వాత తేలింది. ఆ అలవాటును బట్టి చుట్టరికం కలపలేం.

ఈ కథలో ప్రతివాళ్ల తీర్పూ ఎక్కడో ఒకచోట కొట్టివేతకు గురైంది. చూసి రాసుకున్నవి మాత్రం పనికొచ్చాయి. నికల్సన్ వర్ణించిన గాడులు ఆయన తీర్పును కాదన్నవాళ్లకే ఆధారమయ్యాయి. మెర్లియా సూదులు కిర్క్‌పాట్రిక్ వెర్రి సిద్ధాంతాన్ని దాటి బతికాయి. జమైకా స్పాంజిలు తమ తరగతి రద్దయినా స్పాంజిలుగానే ఉన్నాయి.

ఇప్పుడు గుర్తుపట్టలేని సున్నపు ముక్క చేతికొస్తే పొరల ఎడం, స్తంభాల మందం, గాడుల తీరు ముందు రాస్తాను. అది ఫలానా జీవి అనే మాట ఒక గీత గీసి, దాని కింద తేదీ వేసి రాస్తాను. తర్వాత వచ్చేవాళ్లకు గీతకు పైనున్నది పనికొస్తే చాలు, కిందిది కొట్టేసినా నాకు అభ్యంతరం లేదు.